డబ్లిన్‌లో లా విద్యార్థి వ్యాసం: గిరి గారి కాలం నుంచి మా అమ్మాయి దాకా

మన ఉగాది వేడుకల్లో భోజనాల వరుసలో నిలబడితే తప్పించుకోలేని ప్రశ్న ఒకటుంది. "పిల్లలు ఏం చదువుతున్నారండీ?" మెడిసిన్ అంటే ఎదుటివారి కళ్ళు పెద్దవవుతాయి. కంప్యూటర్స్ అంటే "మంచిదే" అంటారు. పోయిన ఉగాదికి నేను "మా అమ్మాయి లా చదువుతోందండీ" అన్నాను. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఒక పెద్దాయన నా భుజం తట్టి "పర్లేదులెండి" అని ఓదార్చి పులిహోర వైపు కదిలారు.

ఆ పెద్దాయనకు అప్పుడు చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం. నేను చదివింది ఎం.సి.ఎ., బతికేది సాఫ్ట్‌వేర్ మీద. లా గురించి నాకు తెలిసిందంతా మా భోజనాల బల్ల దగ్గర తెలిసిందే. అయినా మన పిల్లల్లో లా చదివేవాళ్ళు ఏటేటా పెరుగుతున్నారు కాబట్టి, కాలేజీ లా జర్నల్‌కు ఒక వ్యాసం పంపడమంటే ఏమిటో, ఒక తండ్రి పక్కన కూర్చుని చూసినంత మేరకు చెబుతాను.

ముందుగా ఒక పాత కథ

1913లో ఇంకా ఇరవై ఏళ్ళు నిండని ఒక తెలుగు కుర్రాడు లా చదవడానికి ఐర్లాండ్ వచ్చాడు. ఊరు బరంపురం. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ఇప్పుడు ఒడిశాలో ఉంది. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు. ఆ కుర్రాడి పేరు వరాహగిరి వెంకట గిరి. అవును పిల్లలూ, తర్వాత 1969 నుంచి 1974 వరకు మన దేశానికి రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి.గిరి గారే.

ఆయన చేరింది డబ్లిన్‌లోని కింగ్స్ ఇన్స్‌లో. 1541లో మొదలైన సంస్థ అది. ఐర్లాండ్‌లో బారిస్టర్లు తయారయ్యేది అక్కడే. ఆ చదువులో భాగంగా యూసీడీలో కూడా ఒక ఏడాది కోర్సు చేయాల్సి ఉండేది. 1914-15లో ఆ కోర్సులో కూర్చున్న మొదటి 13 మంది భారతీయ విద్యార్థుల్లో గిరి గారు ఒకరు.

వాళ్ళు పుస్తకాలు మాత్రమే పట్టుకుని కూర్చోలేదు. దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద జరుగుతున్న దౌర్జన్యాల గురించి గిరి గారు, తోటి విద్యార్థులు కలిసి ఒక కరపత్రం తయారుచేశారు. అది బ్రిటిష్ నిఘా విభాగం చేతికి చిక్కింది. అప్పటినుంచి డబ్లిన్‌లోని భారతీయ విద్యార్థుల మీద పోలీసుల కన్ను మరింత పడింది. అయినా రాతలు ఆగలేదు. యూసీడీ విద్యార్థుల పత్రిక 'ది నేషనల్ స్టూడెంట్'లో భారతీయ విద్యార్థుల వ్యాసాలు వచ్చేవి. కింద పేరు మాత్రం ఉండేది కాదు. పేరు పెడితే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు.

1916 ఏప్రిల్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. ఆ తర్వాత భారతీయ విద్యార్థుల గదుల్లో సోదాలు జరిగాయి. నెల రోజుల్లో ఐర్లాండ్ వదిలి వెళ్ళాలని జూన్ 1న తనకు నోటీసు ఇచ్చారని గిరి గారు తర్వాత చెప్పుకున్నారు. ఆ నెలలోనే, జూన్ 21న, ఆయన ఐరిష్ బార్‌లో బారిస్టర్‌గా నమోదయ్యారు. ఒక చేత్తో బారిస్టర్ హోదా, ఇంకో చేత్తో వెళ్ళిపొమ్మనే నోటీసు! ఇండియా వెళ్ళాక ఆయన రైల్వే కార్మికుల నాయకుడయ్యారు, మంత్రి, గవర్నర్, ఉపరాష్ట్రపతి, చివరికి రాష్ట్రపతి అయ్యారు. 1975లో భారతరత్న అందుకున్నారు.

ఈ కథ నాకు చెప్పింది మా అమ్మాయే. లా చదవడానికి వచ్చిన మనవాడిని వెళ్ళిపొమ్మన్న ఊళ్ళో, ఇవాళ ఆ అమ్మాయి రాసిన వ్యాసం కూడా "ఈ దేశంలో ఎన్నాళ్ళుంటే ఇక్కడివాళ్ళం అవుతాం?" అన్న ప్రశ్న మీదే. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

2019 వేసవి

మేము 2014 చివర్లో డబ్లిన్ వచ్చాం. పౌరసత్వానికి దరఖాస్తు చేయాలంటే 1956 నాటి చట్టం 15వ సెక్షన్ ప్రకారం దరఖాస్తుకు ముందు ఏడాది పాటు "నిరంతరాయంగా" ఇక్కడ ఉండాలి. దానికి ముందు ఎనిమిదేళ్ళలో మొత్తం నాలుగేళ్ళు ఉండాలి. ఆ చివరి ఏడాదిలో సెలవులకో, ఆఫీసు పని మీదో ఆరు వారాల దాకా బయటికి వెళ్ళినా పట్టించుకోకపోవడం అప్పటి వరకు ఉన్న పద్ధతి. 2019 డిసెంబరులో మేము దరఖాస్తు చేద్దామనుకున్నాం.

2019 జూలై 11న హైకోర్టు జోన్స్ కేసులో తీర్పు చెప్పింది. "నిరంతరాయంగా" అంటే నిరంతరాయంగానే, మధ్యలో ఒక్క రోజు కూడా విరామం ఉండకూడదు, ఆరు వారాల పద్ధతికి చట్టంలో చోటు లేదు అని దాని సారాంశం. మన వాళ్ళ ఇళ్ళల్లో ఆ నెలంతా ఇదే చర్చ. బెల్‌ఫాస్ట్ వెళ్ళి షాపింగ్ చేసినా లెక్కే అని ఒకరు, విమానంలో పడుకుంటే లెక్క కాదని ఇంకొకరు. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు.

ఆగస్టు మధ్యలో తెనాలి నుంచి ఫోన్. అమ్మను ఆసుపత్రిలో చేర్చారు. మా ఆవిడ "బయల్దేరండి" అంది. నేను పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని క్యాలెండరు ముందు నిలబడ్డాను. వెళితే ఐదేళ్ళూ గంగలో కలుస్తాయి, కుటుంబం మొత్తం మళ్ళీ మొదటికి వస్తుంది అనుకున్నాను. అమ్మకు కొంచెం తేలిగ్గా ఉందని తమ్ముడు చెబితే ఆ మాట పట్టుకుని నాలుగు రోజులు ఆగాను. ఐదో రోజు బయల్దేరాను. నేను హైదరాబాద్‌లో దిగేసరికి అమ్మ లేదు.

అప్పుడు మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. ఆ నాలుగు రోజులూ నన్ను చూస్తూనే ఉంది. ఏమీ అనలేదు. లీవింగ్ సర్ట్ అయ్యాక సీఏఓ ఫారంలో మొదటి ఎంపికగా లా పెట్టినప్పుడు కూడా ఎందుకని చెప్పలేదు. నేనూ అడగలేదు.

లా జర్నల్ అంటే ఏమిటి?

మా రంగంలో విద్యార్థి రాసిన ప్రోగ్రాం ఎవరో ఒకరు వాడితే గొప్ప. లా రంగంలో విద్యార్థి రాసిన వ్యాసం జర్నల్‌లో అచ్చయితే గొప్ప. విచిత్రమేమిటంటే ఆ జర్నల్స్‌ను నడిపేది కూడా విద్యార్థులే. ఈ సంప్రదాయానికి పేరు తెచ్చింది అమెరికాలోని హార్వర్డ్ లా రివ్యూ. 1887లో విద్యార్థులు మొదలుపెట్టారు, నేటికీ వాళ్ళే నడుపుతున్నారు. 1990లో దానికి అధ్యక్షుడిగా ఎన్నికైన మొదటి నల్లజాతి విద్యార్థి పేరు బరాక్ ఒబామా. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు పొద్దున లేస్తే వినే "ప్రైవసీ హక్కు" అన్న మాటకు చట్టాల ప్రపంచంలో ఊపిరి పోసిన వ్యాసం కూడా 1890లో ఆ పత్రికలోనే వచ్చింది. రాసినవాళ్ళు వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు లాయర్లు.

ఐర్లాండ్‌లో కూడా ఇలాంటివి ఉన్నాయి. ట్రినిటీ కాలేజ్ లా రివ్యూ 1998లో మొదలైంది. యూసీడీకి ఒక లా రివ్యూ ఉంది. కార్క్ వాళ్ళది కార్క్ ఆన్‌లైన్ లా రివ్యూ. గాల్వే విద్యార్థులకు వాళ్ళ లా రివ్యూ ఉంది. గిరి గారు చదివిన కింగ్స్ ఇన్స్ నుంచి కూడా ఒక లా రివ్యూ వస్తుంది. సాధారణంగా వీటిలో రెండు రకాల రచనలు ఉంటాయి. ఒకటి, ఒక సమస్య మీద నిండైన వ్యాసం. రెండోది, ఒకే తీర్పు తీసుకుని దాని మంచిచెడ్డలు చూసే కేస్ నోట్. మొదటిసారి రాసేవాళ్ళకు కేస్ నోట్ మంచిదని మా అమ్మాయి సలహా. కబడ్డీలో ముందు గీత దాటి తొక్కి రావడం లాంటిది.

తిరిగొచ్చిన వ్యాసం

రెండో ఏడాదిలో ఉండగా మా అమ్మాయి జోన్స్ కేసు మీద రాసి ఒక జర్నల్‌కు పంపింది. పంపే ముందు నాకు చూపించింది. మొదటి పేజీలోనే తెనాలి ఆసుపత్రి ఉంది. మా నాయనమ్మ అని ఉంది. నేను రెండుసార్లు చదివి, కళ్ళు తుడుచుకుని, "ఇంతకంటే ఎవరు రాస్తారమ్మా" అన్నాను. కాకిపిల్ల కాకికి ముద్దు అని ఊరికే అనలేదు.

ఆరు వారాలకు జవాబు వచ్చింది. వేసుకోలేమన్నారు. కానీ కింద రెండు పేజీల వ్యాఖ్యలు పంపారు. మర్యాదగానే ఉన్నాయి, కత్తుల్లా కూడా ఉన్నాయి. ముఖ్యమైనవి మూడు.

మొదటిది: "అప్పీలులో దరఖాస్తుదారు గెలిచాడని రాశారు. గెలవలేదు." మేమిద్దరం అవాక్కయ్యాం. 2019 నవంబరు 14న అప్పీలు కోర్టు హైకోర్టు వ్యాఖ్యానాన్ని తప్పుపట్టిందని, "నిరంతరాయం" అంటే రోజూ ఇక్కడే ఉండాలని కాదని చెప్పిందని మాకు తెలుసు. వార్తల్లో అదే చదివాం. తీర్పు పూర్తిగా చదివితే అసలు సంగతి తెలిసింది. ఆ ఆస్ట్రేలియా పౌరుడు ఆ ఏడాదిలో 100 రోజులు బయట ఉన్నాడు. ఆరు వారాల పద్ధతి చట్టబద్ధమే అని కోర్టు చెప్పడంతో, ఆ పద్ధతి ప్రకారమే ఆయన అప్పీలు కొట్టేశారు. న్యాయసూత్రం అందరికీ మేలు చేసింది, కేసు వేసిన మనిషికి మాత్రం ఏమీ దక్కలేదు!

రెండోది: "హైకోర్టు జడ్జి వాదనను బలంగా చెప్పకుండానే కొట్టిపారేశారు." ఇది మా అమ్మాయికి బాగా తగిలింది. ఆ తీర్పు మళ్ళీ తీసి చదివింది. చట్టంలో ఉన్న మాటకు ఉన్న అర్థమే చెప్పాలి, అది ఇబ్బందిగా ఉంటే మార్చాల్సింది పార్లమెంటు గానీ కోర్టు కాదు అన్నది ఆ జడ్జి గారి వైపు తర్కం. "నాన్నా, ఆయన చెప్పిందాంట్లోనూ న్యాయం ఉంది" అని ఒక రాత్రి నెమ్మదిగా అంది. ఆ మాట అనడానికి ఆ పిల్లకు ఎంత కష్టమయిందో నాకు తెలుసు.

మూడోది: "మీ బాధ అర్థమైంది. మీ వాదన ఏమిటి?"

రెండు రోజులు గది తలుపు తీయలేదు. వాళ్ళ అమ్మ పెరుగన్నం గుమ్మం దగ్గర పెట్టి వచ్చేది. మూడో రోజు కిందికి వచ్చి నాతో అంది: "నాన్నా, మీ ఆఫీసులో కోడ్ రివ్యూ అంటావే, ఇదీ అదే కదా?" అవునన్నాను. ఇరవై ఏళ్ళ నుంచి నా కోడ్‌లో తప్పులు పట్టేవాళ్ళ వల్లే నాకు ఉద్యోగం నిలిచిందని చెప్పాను. అయ్యవారు ఏం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారన్న సామెత మనం వెటకారానికి వాడతాం గానీ, రాసేవాడి పని నిజంగా అదే.

పంపేముందు చూసుకోవలసినవి

ఈ ఏడాదిన్నరలో మేము నేర్చుకున్నవి, మీ పిల్లలకు పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

1. నియమాలు ముందు చదవండి. ఎన్ని పదాలు, ఫుట్‌నోట్లు లెక్కలోకి వస్తాయా రావా, గడువు ఎప్పుడు, ఏ కాలేజీ వాళ్ళు పంపొచ్చు. ఒక్కో జర్నల్‌ది ఒక్కో పద్ధతి, ఏటా మారొచ్చు కూడా. చాలా జర్నల్స్ ఒకే వ్యాసాన్ని ఒకేసారి ఇద్దరికి పంపితే ఒప్పుకోవు.

2. అసలు తీర్పు చదవండి. వార్త చదివి రాస్తే ఏమవుతుందో పైన చెప్పాను. ఐరిష్ తీర్పులు కోర్టుల సర్వీసు వెబ్‌సైట్‌లోనూ, బెయిలీలోనూ ఉచితంగా దొరుకుతాయి. చట్టాలు ఐరిష్ స్టాట్యూట్ బుక్‌లో ఉంటాయి.

3. ఓస్కోలా ఐర్లాండ్ నేర్చుకోండి. ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన ఫుట్‌నోట్ల పద్ధతికి ఇది ఐరిష్ రూపం, 2011లో వచ్చింది. జోన్స్ కేసు హైకోర్టు తీర్పుకు గుర్తు [2019] ఐఈహెచ్‌సీ 519. ఐఈ అంటే ఐర్లాండ్, హెచ్‌సీ అంటే హైకోర్టు, 519 అంటే ఆ ఏడాది తీర్పుల్లో దాని వరుస సంఖ్య. అప్పీలు కోర్టుది [2019] ఐఈసీఏ 285. మాకు ఐపీ అడ్రసు ఎలాగో వాళ్ళకు ఇది అలాగ. ఒక్క అంకె తప్పితే వేరే ఇంటి తలుపు కొట్టినట్టే.

4. పేరు తీసేయండి. చాలా చోట్ల రాసింది ఎవరో తెలియకుండా చదువుతారు. పేజీ మీద పేరు తీస్తే చాలదు. ఫైల్ ప్రాపర్టీస్‌లో రచయిత పేరు దాక్కుని ఉంటుంది, ట్రాక్ చేసిన మార్పుల్లో కూడా. ఈ ఒక్క విషయంలో నా ఎం.సి.ఎ. మా ఇంట్లో పనికొచ్చింది! గిరి గారి కాలంలో భయంతో పేరు దాచుకున్నారు. ఇప్పుడు ఇంటిపేరు చూసి ఎవరూ ఒక అభిప్రాయానికి రాకూడదని దాస్తున్నారు. ఈ మార్పు చిన్నదేం కాదు.

5. ఏఐ చెప్పిన కేసులు నమ్మకండి. ఇది సాఫ్ట్‌వేర్ వాడిగా చెబుతున్నాను. 2023లో న్యూయార్క్‌లో ఏఐ కల్పించిన, అసలు లేని కేసులను కోర్టులో దాఖలు చేసినందుకు లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది. ప్రతి ఫుట్‌నోటూ మీరే తెరిచి చూడాలి. జర్నల్ ఎడిటర్లు కచ్చితంగా తెరిచి చూస్తారు.

6. ఒక్క వాక్యంలో మీ వాదన చెప్పగలగాలి. క్లాసులో రాసే వ్యాసం మీకు విషయం తెలుసని చూపిస్తే చాలు. జర్నల్ వ్యాసం చదివేవాడికి అంతకుముందు తెలియనిది ఒకటి చెప్పాలి.

రెండోసారి

ఆరో నియమం దగ్గరే మా అమ్మాయి నాలుగు నెలలు ఆగిపోయింది. ఈలోగా చట్టమే మారి ఉంది. 2023లో తెచ్చిన సవరణ ప్రకారం ఆ చివరి ఏడాదిలో 70 రోజుల వరకు బయట ఉండొచ్చు. అసాధారణ పరిస్థితులైతే మరో 30 రోజులు కలుస్తాయి. "ఇంకేముంది, సమస్య తీరిపోయిందిగా, వేరే కేసు చూసుకో" అన్నాను నేను.

"తీరలేదు నాన్నా. మాట మారిందంతే" అంది. ఆమె చివరికి పట్టుకున్న వాదన అదే. 2019లో అందరూ "నిరంతరాయం" అన్న మాటకు అర్థం కోసం కొట్టుకున్నారు. అంకె పెట్టడం వల్ల ఆ గొడవ పోయింది, అది మంచిదే. కానీ ఇప్పుడు బరువంతా "అసాధారణ పరిస్థితులు" అన్న మాట మీద పడింది. తల్లి జబ్బు అసాధారణమా? అత్తగారి జబ్బు? పెంచిన పెద్దమ్మ జబ్బు? బిడ్డ పుట్టినప్పటినుంచే ఎవరెవరో ఎత్తుకు పెంచే మన కుటుంబాల్లో "దగ్గరివాళ్ళు" అంటే ఎవరో ఎవరు తేలుస్తారు? దాని మీదే వ్యాసం మళ్ళీ మొదటినుంచి రాసింది. వేరే జర్నల్‌కు పంపింది. సవరణలు చేస్తే వేసుకుంటామన్నారు. మూడుసార్లు సవరించింది. వేసుకున్నారు.

అచ్చు కాపీ నాకిచ్చిన రోజు భోజనాలయ్యాక చదివాను. తెనాలి లేదు. నాయనమ్మ లేదు. నేను వెతుకుతుంటే చూసి, ఒక ఫుట్‌నోటు మీద వేలు పెట్టింది. హైకోర్టు వ్యాఖ్యానం నిలిచి ఉన్నా, కుటుంబంలో జబ్బు కోసం ప్రయాణించిన దరఖాస్తుదారు కోల్పోయేది చివరి ఏడాదిని మాత్రమే, అంతకుముందు నాలుగేళ్ళ నివాసం లెక్క చెక్కుచెదరదు అని అందులో ఉంది.

మళ్ళీ చదివాను. ఒక్క ఏడాది. నేను ఐదేళ్ళనుకున్నాను. పోతే ఒక్క ఏడాది పోయేది. ఆ నాలుగు రోజులు నేను ఆగింది అందుకు.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగాను.

"మొదటి ఏడాదిలో. సెక్షన్ చదివినప్పుడు."

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను నాన్నా?" అంది. కాసేపాగి, "అప్పుడు నీకు ఎవరైనా ఆ సెక్షన్ చదివి చెప్పి ఉంటే బావుండేది. అందుకే రాశాను" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని ఒప్పుకుంటాను. అయితే ఆ నిద్రలేమిలో కూడా ఒక ఊరట ఉంది. రేపు ఇంకెవరి ఇంట్లోనైనా ఫోన్ మోగినప్పుడు, పుకార్లు కాకుండా అసలు సెక్షన్ ఏం చెబుతోందో చూడాలని ఎవరికైనా తట్టవచ్చు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. మీ సొంత కేసుకు ఈ వ్యాసం సలహా కాదు, దానికి సొలిసిటర్‌ను కలవండి.

ఇక ఉగాది రోజు నన్ను ఓదార్చిన పెద్దాయనకు. అయ్యా, మీరన్నది నిజమే, పర్లేదు. మన ఇళ్ళల్లో డాక్టర్లు ఉండాలి, ఇంజనీర్లు ఉండాలి. చట్టంలో ఒక మాటకు అర్థమేమిటని అడిగి, జవాబు కాగితం మీద పెట్టే పిల్లలు కూడా ఇంటికొకరు ఉంటే మంచిది. నూట పదేళ్ళ క్రితం ఈ ఊళ్ళో మనవాళ్ళు పేరు లేకుండా రాశారు. పిల్లలూ, మీకు ఆ భయం లేదు. రాయండి. తిరిగొస్తే దిద్దండి. అచ్చయినప్పుడు కింద మీ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, పెట్టుకోండి.